సంఘం పేరులోంచి నేను కొట్టేసిన మాట

సూర్యాపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. నేను ఆడిటర్ని కాను. బీకాం చదివి, చేతిరాత బాగుందని చేరి, టైపు మిషన్ నుంచి కంప్యూటర్ దాకా వచ్చి, జుట్టంతా నెరిశాక బయటపడ్డ గుమస్తాను. వ్యాపారుల పన్ను వ్యవహారాలు వేరేవాళ్ళు చూసేవాళ్ళు. పన్ను కట్టనక్కర్లేని సంస్థల కాగితాలు మాత్రం అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అందుకే ఊళ్ళో నన్ను "ట్రస్టుల సారు" అనేవాళ్ళు. ఆ పిలుపు నాకు బాగానే ఉండేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు, ఏ సంస్థ ఏ కోవలోకి వస్తుందో ఎట్లా తేల్చాలని. చెప్పడం తేలికే. గుడి, మసీదు, చర్చి కమిటీలు ఒక కోవ. బడులూ కాలేజీలూ నడిపే సొసైటీలు మరొకటి. ఉచితంగా కళ్ళ ఆపరేషన్లు చేయించే ట్రస్టు, గోశాల, అన్నదానం చేసేవాళ్ళు, వీళ్ళు అచ్చమైన ధర్మ సంస్థల కిందికి వస్తారు. మిల్లర్ల సంఘం, ఆఫీసర్ల క్లబ్బు లాంటివి తమ సభ్యుల బాగు తాము చూసుకునేవి కాబట్టి వాటి దారి వేరు. ఇక కుల సంఘాలు. ఊరి నడుమ కల్యాణ మండపం కట్టి, దాన్ని ధర్మ సంస్థగా రాయించుకోవాలని ఉబలాటపడతాయి. చట్టం ఒప్పుకోదు. ఒక్క కులం మేలు కోసమే పెట్టిన సంస్థకు ఆ మినహాయింపు రాదు.

ఇంతవరకు నాకు కంఠతా వచ్చు. ఇంతవరకే రావడం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె సర్కారు దవాఖానలో మార్చురీ దగ్గర ఊడ్చే పని చేసేది. కాంట్రాక్టు ఉద్యోగం. మునగాల దాటాక హైవే నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు పోతే వాళ్ళ తండా. రోజూ పొద్దున బస్సెక్కి సూర్యాపేట వచ్చి, సాయంత్రం బస్సుకు తిరిగి పోయేది. నలభై అయిదేళ్ళుంటాయి. ఒక మధ్యాహ్నం ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చి, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, ఒక ప్లాస్టిక్ కవరు నా బల్ల మీద పెట్టింది.

"సారూ, మాది సంఘం. దీనికి టాక్స్ మాఫీ కాయితం కావాల్నట."

నాకు నవ్వొచ్చింది. "మీకు టాక్స్ ఎక్కడిదమ్మా మాఫీ చెయ్యడానికి?"

"మాకు లేదు సారూ. మాకు బండి ఇచ్చేటోళ్ళకు కావాల్నట."

నిలబడే చెప్పుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. దవాఖానలో తండా మనిషి చనిపోతే శవాన్ని ఇంటికి చేర్చడం నరకం. ఆటోలవాళ్ళు ఎక్కించుకోరు. ప్రైవేటు వ్యాన్లవాళ్ళు నోటికొచ్చినంత అడుగుతారు. ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో తెలియక ఇంటివాళ్ళు చెట్ల కింద కూర్చుని ఏడుస్తుంటారు. రోజూ అది చూసి చూసి ఈమె తన తండాలో మరో ఆరుగురు ఆడవాళ్ళను కూడగట్టింది. చుట్టుపక్కల తండాల్లో ఎవరు పోయినా ఇద్దరు దవాఖానకు వస్తారు, ఒకరు ట్రాక్టరు మాట్లాడతారు, మిగతావాళ్ళు ఆ ఇంటికి పోయి కట్టెలు చేర్చి, పొయ్యి ముట్టించి పిల్లలకు అన్నం పెడతారు. దవాఖానలో మందులిచ్చే ఆయన సాయంతో నాలుగేళ్ళ కిందటే సంఘాన్ని రిజిస్టరు కూడా చేయించారు. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ వాళ్ళు శవాలను తీసుకుపోయే వ్యానూ, ఐసు పెట్టె లాంటి ఫ్రీజరూ ఇస్తామంటున్నారు. అయితే పన్ను మినహాయింపు ఉన్న సంస్థకే ఇవ్వగలమని షరతు పెట్టారు.

"మీ తండాలవాళ్ళకేనా, వేరేవాళ్ళకు కూడా చేస్తారా?" అని అడిగాను. నా కోవల లెక్కలో అది ముఖ్యమైన ప్రశ్న.

"ఎవలొచ్చినా పోతం సారూ. మొన్న బీహారాయన మిల్లుల పని చేసుకుంట సచ్చిపోయిండు. ఆయనకు గీడ ఎవలున్నరు? మేమే మన్ను చేసినం. కాని సంఘం మాత్రం మా తండాలది. మేం పెట్టుకున్నం గద."

కాగితాలు తీసి చూశాను. సంఘం పేరులో మొట్టమొదటి మాటే "లంబాడా తండాల" అని ఉంది.

సాయంత్రం ఆడిటర్ గారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని ఒక్క నిమిషం చదివారు.

"పేర్ల కులం ఉన్నది గదయ్యా. గిట్ల పంపితే వాపస్ వస్తది. మార్పియ్యి. అడ్రస్ ప్రూఫ్ ఏమున్నది?"

"ఇంటి కాగితాలు లేవు సార్. కరెంటు బిల్లు ఆమె మామ పేరు మీద ఉంది. ఆయన పోయి చాన్నాళ్ళయింది."

కాసేపు పెన్ను తిప్పారు. "కోదాడ సేటును కలుపుదాం. ఆయన మిల్లు మీద రూము ఉన్నది, అది ఆఫీసని రాద్దాం. కమిటీల నలుగురు పెద్దమనుషులుంటే ఫైలుకు జర బరువుంటది."

కోదాడ సేటు మాకు పాత క్లయింటు. బియ్యం వ్యాపారం వాళ్ళ తాతల నాటిది. మర్యాదస్తుడు. నన్ను కూడా "గారు" అని పిలిచే కొద్దిమందిలో ఒకడు. నాకు అభ్యంతరం చెప్పాలని తోచలేదు. పైగా మంచి పని ముందుకు సాగుతోందని సంతోషించాను.

ఒక ఆదివారం తండాకు పోయాను. బడి వరండాలో చాపలు పరిచారు. ఏడుగురు సభ్యులూ, వాళ్ళ వెనక ఇంకో ఇరవై మంది దాకా ఆడవాళ్ళూ కూర్చున్నారు. పేరులో "తండాల" బదులు "సర్వజన" అని పెడుతున్నామని, కమిటీలో కోదాడ పెద్దలు నలుగురు, తండావాళ్ళు ముగ్గురు ఉంటారని, సేటు అధ్యక్షుడైతే ఈమె కార్యదర్శి అని చెప్పాను. ఆమె నేను చెప్పింది వాళ్ళ భాషలో మిగతావాళ్ళకు చెప్పి, నా వైపు తిరిగింది.

"మా పేరు తీసేస్తే మాదని ఎట్ల తెలుస్తది సారూ?"

"కాగితం మీద వరకే అమ్మా. బండి మీదే, పని మీదే."

"మరి గా నలుగురు ఏం జేస్తరు?"

"ఏమీ చెయ్యరు. పేర్లుంటాయి అంతే."

ఆమె కొంచెంసేపు నా ముఖంలోకి చూసింది. "అయితే కానియ్యి. నువ్వు చెప్తున్నవ్ గద."

కొత్త నియమావళి పద్నాలుగు పేజీలు. చదివి వినిపించలేదు. నాలుగింటి బస్సు పోతే మళ్ళీ ఎప్పుడో. పేజీలు తిప్పుతూ ఇక్కడ పెట్టండి, ఇక్కడ పెట్టండి అని చూపించాను. నాట్లు వేసే ముఠాకు పెద్దగా ఉండే ఒకామె, కమిటీలో ఉండబోయే ముగ్గురిలో ఆమె రెండోది, ఈమధ్యే సంతకం నేర్చుకుందట. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాస్తుంటే నేను గడియారం చూసుకోవడం నాకు గుర్తుంది.

మినహాయింపు వచ్చింది. ఒక్క ప్రశ్న కూడా లేకుండా వచ్చింది. ఆఫీసులో అందరికీ నేనే స్వీట్లు పంచాను.

వ్యాను ప్రారంభం కోదాడలో, మిల్లు ముందర. ఫ్లెక్సీలో నలుగురు పెద్దల ఫొటోలూ ఫ్యాక్టరీ ఆఫీసర్ల ఫొటోలూ ఉన్నాయి. వ్యాను మీద "వైకుంఠ రథం" అని పెద్ద అక్షరాలు, కింద సేటు తల్లిదండ్రుల జ్ఞాపకార్థం అని ఉంది. ఫ్యాక్టరీ ఇచ్చిన బండి సేటు తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఎట్లా అయిందని నేను అడగలేదు. ఆమె చేతికి దండల పళ్ళెం ఇచ్చి పక్కన నిలబెట్టారు. కార్యక్రమం అయ్యాక బండి తలుపు ఒకసారి తెరిచి, మూసి, "మంచిగున్నది సారూ" అంది. మంచిగా ఉందని నేనూ అనుకున్నాను.

ఆ తర్వాతి వానాకాలం, నాట్లు జోరుగా సాగుతున్నప్పుడు ఒకరోజు మధ్యాహ్నం ఆమె నుంచి ఫోను వచ్చింది. వెనక ఏడుపులు వినిపిస్తున్నాయి.

"సారూ, మా నాట్ల పెద్దామె పోయింది. పాము కరిసింది. దవాఖానకు తెచ్చేటాల్లకే ఖతం అయింది. బండి పంపమంటే డ్రైవరు ఫోన్ ఎత్తుతలేడు. సేటు ఎత్తుతలేడు. నువ్వు జర చెప్పు సారూ. నువ్వు చెప్తే ఇంటరు."

సంతకం దిద్దుకుంటూ పెట్టిన ఆవిడే. నేను సేటుకు చేశాను. నా నంబరు చూసి వెంటనే ఎత్తాడు.

"ఏవండీ, ఆ తండా రోడ్డు చూశారా మీరు? ఈ వానకి బండి దిగబడిపోద్దండి. కొత్త బండి. పైగా మా బావమరిది ఇంట్లో పెళ్ళికి డ్రైవర్ని పంపించాను. రేపు పొద్దున చూద్దాం, మునగాల స్టేజీ దాకా పంపిస్తానులెండి."

"రేపటిదాకా అంటే కష్టమండీ, పోయిన మనిషి మన కమిటీ మెంబరు" అన్నాను.

"అయ్యో, అలాగా" అని నిజంగానే బాధపడ్డట్టు అన్నాడు. "అయినా రూలు రూలే కదండీ. బండి కావాలంటే ముందు ఆఫీసుకొచ్చి అర్జీ ఇవ్వాలి. మీరు రాసిందే కదా."

నేను రాసిందే. లోపలికి పోయి ఆడిటర్ గారికి చెప్పాను. ఆయన తల పైకెత్తలేదు. "మనం కాయితాల వరకేనయ్యా. గాళ్ళు గాళ్ళు చూసుకుంటరు."

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. మా ఆఫీసు నుంచి దవాఖానకు నడిచిపోతే పది నిమిషాలు. జేబులో డబ్బులున్నాయి, ప్రైవేటు వ్యాను మాట్లాడి ఇవ్వొచ్చు. లేదా ఊరికే పోయి ఆమె పక్కన నిలబడొచ్చు. ఏ ముఖం పెట్టుకుని పోవాలా అని ఆలోచిస్తూ ఆఫీసు మూసేదాకా అక్కడే ఉన్నాను. ఆమెకు తిరిగి ఫోను కూడా చేయలేదు. వాళ్ళు ట్రాక్టరు ట్రాలీలో తీసుకుపోయారని తర్వాత తెలిసింది. దారి పొడుగునా వాన. నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలా నిలబడి శవం మీద టార్పాలిన్ పట్టా ఎత్తి పట్టుకున్నారట. హైవే మీద లారీలు పక్కనుంచి పోయినప్పుడల్లా ఆ గాలికి పట్టా లేచిపోయేదట.

వారం తర్వాత ఆమె కోదాడ పోయి మిల్లు ముందు నిలబడి కొట్లాడింది. బండి మాది, తాళాలు ఇయ్యమంది. కూలీలు చుట్టూ చేరారు. సేటు మర్యాదస్తుడని చెప్పాను కదా. లోపలికి పిలిచి టీ ఇచ్చి పంపించాడు. ఆ నెలలోనే ఒక తీర్మానం టైపు చేయమని నా బల్ల మీదికి వచ్చింది. వరుసగా మూడు సమావేశాలకు హాజరు కాని సభ్యుల సభ్యత్వం రద్దు.

ఆ నియమం ఆఫీసర్ల క్లబ్బు నియమావళి నుంచి నేనే తెచ్చి అతికించాను. క్లబ్బులో ఎవరో బాకీలు ఎగ్గొట్టి తిరుగుతున్నారని వాళ్ళు పెట్టుకున్న నియమం అది. ఈ సంఘం సమావేశాలేమో సోమవారం పదకొండింటికి, కోదాడలో. ఆమె ఒక పూట రాకపోతే దవాఖాన కాంట్రాక్టరు ఆ రోజు కూలి కోసేస్తాడు. మూడో ఆమె పొలం పనికి పోతుంది. ఇక నాట్ల పెద్దామె కూడా ఒక సమావేశానికి రాలేదని రాశారు. అప్పటికి ఆమె చనిపోయి తొమ్మిది రోజులు. ఆ ఒక్క వాక్యం మాత్రం సేటుకు ఫోన్ చేసి తీసేయించాను. నేను చేసిన ధర్మకార్యం అంతే. మిగతాది తప్పుల్లేకుండా టైపు చేసి ఇచ్చాను.

రిజిస్టర్డు పోస్టు అందాక ఆమె ఆ కవరు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "సారూ, ఇందుల ఏమున్నది?"

చదివి చెప్పాను. "మీటింగులకు రాలేదని సభ్యత్వం తీసేశారమ్మా."

"నన్నా?"

"నిన్నూ, ఇంకో ఆమెనూ."

"మా సంఘంల నుంచి మమ్ములనా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడతలు ఎట్లా ఉన్నాయో అట్లాగే మడిచి, కవర్లో పెట్టుకుని, మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుని పోయింది. టైపు చేసింది నేనేనని ఆ రోజు చెప్పలేదు.

నేను రిటైరయ్యే నెలలో ఇంకో సంగతి బయటపడింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఆడిటర్ ఒకమ్మాయి, మిర్యాలగూడ అమ్మాయి, వేములపల్లి వైపు దళిత ఆడవాళ్ళు పెట్టుకున్న ఒక సంస్థకు దరఖాస్తు పంపింది. పేరులో కులం అట్లాగే ఉంది. ఇది తిరిగొస్తుందని నేను లోలోపల అనుకుంటుండగానే మినహాయింపు వచ్చేసింది.

"పేరు మార్పించలేదా మేడం?" అని అడిగాను.

"ఎందుకు అంకుల్? కింద ఎక్స్‌ప్లనేషన్ ఉన్నది గద."

నా బల్ల మీది పుస్తకమే తెరిచి చూపించింది. ఒక్క కులం మేలు కోసం పెట్టిన సంస్థకు మినహాయింపు లేదన్న వాక్యం కింద నా పెన్సిలు గీత ఉంది. దానికి కాస్త కింద, చిన్న అక్షరాల్లో వివరణ ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటిని అట్లా లెక్కకట్టకూడదని. తండావాళ్ళ సంఘం తెగదీ, ఆడవాళ్ళదీ కూడా. ఒకటి కాకపోతే ఒకటి కింద నిలబడేది. నేను అన్నేళ్ళూ గీత గీసిన చోటే ఆగిపోయాను.

"మీరు చూడలేదా అంకుల్?" అంది ఆ అమ్మాయి, ఏ చెడు ఉద్దేశమూ లేకుండానే.

పుస్తకం పట్టుకుని ఆడిటర్ గారి గదిలోకి పోయాను. ఆయన చూసి పక్కన పెట్టారు.

"నాకు తెలుసునయ్యా."

నేను ఎదుటి కుర్చీలో కూర్చున్నాను.

"అప్పుడు సేటు ఏదన్న సేవా కార్యక్రమం చూపియ్యమని నన్ను రోజూ అడుగుతుండె. ఇద్దరి పనీ అయితదనుకున్న. గిట్లయితదని ఎవలకెరుక?"

"ఇప్పుడైనా సరిచేయొచ్చు కదా సార్."

"ఎవలు చేస్తరు? నువ్వా? నెలాఖరుకు పోతున్నవ్."

నెలాఖరుకు పోయాను. వీడ్కోలు సభకు సేటు కోదాడ నుంచి వచ్చి నాకు శాలువా కప్పాడు. కప్పించుకున్నాను.

తండాకు పోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆరోగ్యం బాగాలేదని, ఎండలని నాకు నేను చెప్పుకున్నవి ఇక్కడ రాయను. ఒక ఆదివారం పోయేసరికి ఆమె ఇంటి ముందు పట్టా మీద ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. పక్కన ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. దానికి ఇనుప కమ్ములు వంచి వెల్డింగు చేయించి, పైన పట్టా కట్టారు.

"గిదే ఇప్పుడు మా బండి" అంది ఆమె. "వాన పడ్డా ఏం గాదు."

కూర్చోవడానికి మంచం వేసింది. నేను చెప్పవలసింది చెప్పాను. పుస్తకంలో ఆ మాట ముందునుంచీ ఉందని, నేను చదవలేదని.

"అంటే, పేరు మార్సకున్నా అయితుండెనా?"

"అయ్యేదమ్మా."

"గా నలుగురు లేకున్నా?"

"లేకపోయినా అయ్యేది. ఆ మీటింగుల రూలు రాసింది కూడా నేనే. నిన్ను తీసేసిన కాగితం టైపు చేసిందీ నేనే."

ఆమె చేతిలో మిరపకాయ ఉంది. దాని తొడిమ తీసి కుప్పలో వేసింది.

"గిదంత ఇప్పుడెందుకు చెప్తున్నవ్ సారూ?"

కొత్తగా ఇంకో సంఘం రిజిస్టరు చేయిద్దామని, మీ పేరుతోనే పెడదామని, నేనే అన్నీ చూసుకుంటానని గబగబా చెప్పుకుపోయాను.

"ఒద్దు సారూ" అంది. "ఇప్పుడు మాకు కాయితం లేదు. ఎవలొచ్చి గుంజుకపోయేది లేదు."

ఇంతలో మిగతా ఆడవాళ్ళు ఏం జరుగుతోందని అడిగారు. ఆమె వాళ్ళ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. తొందరపడకుండా, మొదటినుంచి చెప్పింది. మధ్య మధ్య కోదాడ అని, మీటింగు అని, టైపు అని నాకు తెలిసిన మాటలు వినిపించాయి. ఆమె చెప్పడం అయ్యాక ఒక ముసలావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి ఏదో అడిగింది.

"ఏమంటుందమ్మా?" అన్నాను.

"గా కాయితం టైపు కొట్టినందుకు నీకు జీతమిచ్చిండ్రా అని అడుగుతుంది సారూ."

"ఇచ్చారు" అన్నాను.

ఆమె ఆ మాట కూడా వాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పింది.